పొయ్యిని బట్టి గిన్నె అడుగు
గోదావరి గట్టు వంటిళ్లు: ధారావాహికలో కరెంటు పొయ్యి భాగం

పొయ్యి మారినప్పుడల్లా గిన్నె అడుగు మారింది. ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం అడవి అంచు ఊళ్లలో నూరేళ్లకు కాస్త అటూ ఇటూగా కట్టెలు, రాక్షసి బొగ్గు, కిరసనాయిలు, కరెంటు, గ్యాసు ఒకదాని వెనక ఒకటి వంటింట్లోకి వచ్చాయి. ఒక పొయ్యి మీద చక్కగా ఉడికించిన పాత్ర తర్వాతి పొయ్యి మీద అక్కరకు రాలేదు. కుండ అటకెక్కింది, ఇత్తడి గుండిగ పెళ్లిళ్లకు పరిమితమైంది, సాపు అడుగు సిల్వర్ గిన్నె ముందుకొచ్చింది. ఈ వరసలో చివరకు వేడిని తనంతట తానే చూసుకునే కరెంటు పొయ్యి పుట్టింది. అది గిన్నె అడుగు మీద మునుపెన్నడూ లేనంత పట్టింపు తెచ్చింది.

మూడు రాళ్ల మధ్య

కట్టెల పొయ్యిలో మంట ఒకచోట నిలవదు. గాలి వాటుకు పక్కకు వాలుతుంది, కట్టె జరిపితే ఎగుస్తుంది. మూడు రాళ్ల మధ్య పెట్టే పాత్రకు గుండ్రటి అడుగే తగింది. అది రాళ్ల నడుమ దిగి కదలకుండా కూర్చుంటుంది. మంట దాని చుట్టూ ఎగబాకి పక్కలను కూడా కాలుస్తుంది. కుమ్మరి సారె మీది నుంచి దించిన పచ్చి కుండను లోపల రాయి ఆనించి, బయట చెక్కతో తట్టి అడుగును గుండ్రంగా మూసేది ఇందుకే. మూలలు లేని అడుగు వేడికి అన్ని వైపులా ఒకేలా సాగుతుంది, తొందరగా పగలదు.

మట్టి వేడిని చాలా నెమ్మదిగా లోపలికి పంపుతుంది. అల్యూమినియంతో పోలిస్తే దాని ఉష్ణవాహకత రెండు వందల్లో ఒక వంతు దగ్గర ఉంటుంది. అందుకే కుండలో ఎసరు కాగడం ఆలస్యం, ఒకసారి కాగితే చల్లారడమూ ఆలస్యమే. గంజి వార్చిన కుండను నిప్పుల మీద కాసేపు ఉంచితే అన్నం అడుగంటకుండా మగ్గేది ఈ గుణం వల్లే. వేడిని అదుపు చేసేది వంట చేసే మనిషే. మంట ఎక్కువైతే కొరివి వెనక్కి లాగుతారు, తక్కువైతే ముందుకు తోస్తారు. ఎసరు మరిగే చప్పుడు, మూత ఎగిరే తీరు, మాడు వాసన, ఇవే కొలమానాలు.

ఈ పొయ్యిలో మనిషి చేయి కాకుండా ఇంకో అదుపు కూడా ఉంది. అది నీరు. మామూలు గాలి పీడనంలో నీరు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. కింద మంట ఎంత పెంచినా ఆ వేడి నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. పాత్రలో నీరున్నంత సేపు లోపలి పదార్థం 100 డిగ్రీలు దాటదు. నీరు ఇగిరిన మరుక్షణం అడుగు వేడి ఒక్కసారిగా పెరుగుతుంది, అన్నం మాడుతుంది.

గోదావరి మన్యంలో కోయలు, కొండరెడ్లు పచ్చి వెదురు బొంగులో చేసే వంట ఈ సూత్రానికి మంచి ఉదాహరణ. ఒక కొస కణుపుతో మూసి ఉన్న బొంగులో మాంసం కూరి, రెండో కొసను ఆకులతో బిగించి నిప్పుల మీద తిప్పుతారు. పచ్చి వెదురులోని తడి, మాంసంలోని నీరు ఆవిరై లోపలి వేడిని కట్టడి చేస్తాయి. బయట బొంగు నల్లబడుతున్నా లోపల కూర మాడదు. తడి పూర్తిగా ఆరకముందే బొంగును దించడమే ఇందులోని నేర్పు. ఆరిందంటే పాత్రే అంటుకుంటుంది.

రెండు గట్లు, రెండు సర్కార్లు

గోదావరి కుడిగట్టున పాల్వంచ, ఖమ్మం ప్రాంతాలు నిజాం ఏలుబడిలో ఉండేవి. ఎడమగట్టున ఉన్న భద్రాచలం, రేకపల్లి తాలూకాలు మధ్య పరగణాల నుంచి 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మారాయి. 1953లో వరంగల్ నుంచి విడిపోయి ఖమ్మం జిల్లా ఏర్పడింది. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలు తూర్పు గోదావరి నుంచి వచ్చి అందులో కలిశాయి. అప్పటిదాకా నదికి రెండు పక్కల ఊళ్లకు సరుకు చేరే దారులు కూడా వేరువేరుగానే ఉండేవి.

కుడిగట్టుకు కొత్త ఇంధనం భూమిలోంచి వచ్చింది. భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన డాక్టర్ విలియం కింగ్ 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు ఉన్నట్టు కనుగొన్నాడు. హైదరాబాద్ దక్కన్ కంపెనీ 1886లో తవ్వకం హక్కులు పొందింది, 1889లో ఇల్లెందులో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబరు 23న ఆ గనులు సింగరేణి కాలరీస్ కంపెనీ పేరుకు మారాయి. రైలింజన్లకు, మిల్లులకు పోగా బావుల పక్క ఊళ్లలో బొగ్గు వంటింటి ఇంధనం కూడా అయింది. పాత ఇనప బకెట్‌కు లోపల మట్టి మెత్తి, నడుమ చువ్వలు పరిచి, కింద గాలికి కంత పెడితే బొగ్గుల పొయ్యి తయారు.

బొగ్గు నిప్పు కట్టె మంట లాంటిది కాదు. రాజుకునేదాకా పొగ, రాజుకున్నాక నిలకడైన సెగ. పక్కలకు ఎగబాకే మంట తక్కువ, కింది నుంచి తగిలే వేడి ఎక్కువ. కొరివిలా బయటికి లాగే వీలు లేదు. కంత మూసి గాలి తగ్గించాలి, లేదంటే పైన బూడిద కప్పాలి. ఈ పొయ్యి అంచు మీద గుండ్రటి కుండ కంటే వెడల్పు అడుగున్న లోహపు గిన్నె బాగా కుదిరింది. సింగరేణి బొగ్గును తక్కువ వేడిలో శుద్ధి చేసి పొగ రాని ఇంటి బొగ్గుగా మార్చే పద్ధతి మీద హైదరాబాద్‌లోని ప్రాంతీయ పరిశోధనశాల చాలాకాలం పనిచేసింది.

లోహపు గిన్నెల్లో మొదట ఇత్తడిదే పైచేయి. పులుసు, చారు చిలుము పట్టకుండా లోపల తగరంతో కళాయి పూయించేవారు. తగరం 232 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నీళ్లున్న గిన్నెకు ఆ వేడి తగలదు. ఖాళీ గిన్నెను పొయ్యి మీద మరిచిపోతే మాత్రం కళాయి కరిగి బొట్లుబొట్లుగా చేరుతుంది.

అల్యూమినియం మద్రాసు వైపు నుంచి వచ్చింది. ఆల్‌ఫ్రెడ్ ఛాటర్టన్ 1898లో మద్రాసు ఆర్ట్స్ స్కూల్లో అల్యూమినియం పాత్రల తయారీ మొదలుపెట్టాడు. దేశంలో ఆ పరిశ్రమకు అదే తొలి అడుగు. తేలిక, చవక, కళాయి అవసరం లేకపోవడం వల్ల జనం దాన్ని తొందరగా అందుకున్నారు. తెలంగాణ ఇళ్లలో దానికి సిల్వర్ గిన్నె అనే పేరు స్థిరపడింది. అచ్చుల్లో ఒత్తి చేసే గంజులు, బగోనలు, తపేలాలు సాపు అడుగుతో వచ్చాయి. తర్వాత రాబోయే కరెంటు పొయ్యికి కావలసింది సరిగ్గా అదే.

కాయిల్ పొయ్యి

కరెంటుతో వంట 1890లలోనే ప్రదర్శనలకెక్కింది. 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనలో విద్యుత్ వంటగదిని చూపించారు. కానీ ఎర్రగా కాలుతూ కూడా తొందరగా తుప్పుపట్టి తెగిపోని తీగ దొరికేదాకా అది వేడుకగానే మిగిలింది. నికెల్, క్రోమియం కలిపిన నిక్రోమ్ తీగకు ఆల్బర్ట్ మార్ష్ 1906లో పేటెంట్ పొందాడు. అక్కడి నుంచి ఇస్త్రీ పెట్టె, హీటర్, కరెంటు పొయ్యి అన్నీ ఆ తీగ మీదే నడిచాయి.

ఈ సీమకు కరెంటు పెద్ద ఎత్తున వచ్చింది 1950లు, 60లలో. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది. 1959లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు ఏర్పడింది. సింగరేణి బొగ్గు, కిన్నెరసాని నీళ్ల ఆధారంగా పాల్వంచలో కొత్తగూడెం థర్మల్ కేంద్రం కట్టారు. 60 మెగావాట్ల మొదటి యూనిట్ 1966లో నడవగా, 1967 నాటికి అలాంటివి 4 అయ్యాయి. 1970ల చివరికి అప్పటి ఖమ్మం జిల్లాలోనే ఉన్న దిగువ సీలేరులో 115 మెగావాట్ల యూనిట్లు 4 పనిచేయసాగాయి. సారపాకలో కాగితం మిల్లు 1979లో, మణుగూరు భారజల కర్మాగారం 1991లో ఉత్పత్తి మొదలుపెట్టాయి. కర్మాగారాల చుట్టూ ఉద్యోగుల కాలనీలు పెరిగాయి. కరెంటుతో వండుకోవడానికి వీలున్న ఇళ్లు మొదట ఇలాంటి చోట్లే ఏర్పడ్డాయి.

కాయిల్ పొయ్యిలో పింగాణీ పళ్లెం గాళ్లలో నిక్రోమ్ చుట్టలు పరిచి ఉంటాయి. ఇక్కడ ఎగిసే మంట లేదు. వేడి నేరుగా తగలడం వల్లనో, ఎర్రటి తీగ నుంచి కిరణాలుగానో గిన్నెకు చేరాలి. గుండ్రటి కుండ పెడితే నడిబొడ్డు మాత్రమే పళ్లేనికి ఆనుతుంది. మిగతా వేడి గాలిపాలు. గిన్నె చిన్నదైనా అంతే. 8 అంగుళాల పొయ్యి మీద 6 అంగుళాల గిన్నె పెడితే పొయ్యి వైశాల్యంలో 44 శాతం ఖాళీగా కాలుతుంది.

లెక్క వేసి చూస్తే తేడా తేటతెల్లమవుతుంది. లీటరు నీటిని 30 డిగ్రీల నుంచి 100కు తేవడానికి 70 కిలో కేలరీలు కావాలి. ఒక యూనిట్ కరెంటుకు 860 కిలో కేలరీల వేడి వస్తుంది. అంటే యూనిట్‌లో పన్నెండో వంతు చాలు. వేడి ఏమాత్రం వృథా కాకపోతే 1000 వాట్ల పొయ్యి మీద ఎసరు 5 నిమిషాల్లో కాగాలి. అంతకు మించి పట్టే ప్రతి నిమిషమూ గిన్నెకు చేరని వేడికి లెక్క.

లైను చివరి ఊళ్లలో ఓల్టేజీ కూడా ఈ లెక్కను తారుమారు చేస్తుంది. పొయ్యి శక్తి ఓల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది. 230 ఓల్టులకు 1000 వాట్లు ఇచ్చే కాయిల్, 180 ఓల్టులకు దాదాపు 610 వాట్లే ఇస్తుంది. ఓల్టేజీ ఐదో వంతు తగ్గితే వేడి ఐదింట రెండు వంతులు తగ్గినట్టు. దీనికి తోడు తీగ బయటికి కనిపించే పొయ్యి మీద లోహపు గిన్నె తగిలితే షాకు భయం ఉండనే ఉంది. తీగను లోహపు గొట్టంలో పెట్టి, చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి దట్టించిన కాయిల్ ఈ ప్రమాదాన్ని తగ్గించింది. ఆ పొడి వేడిని పోనిస్తుంది, కరెంటును పోనివ్వదు.

వేడిని తానే చూసుకునే బర్నర్

కాయిల్ పొయ్యికి ఉన్న పెద్ద లోపం మొండితనం. స్విచ్ ఆపినా చుట్ట చల్లారడానికి టైము పడుతుంది. పాలు పొంగేటప్పుడు కట్టె వెనక్కి లాగినట్టు దాన్ని లాగలేరు. ఈ ఇబ్బందికి 1950లలో అమెరికా కంపెనీలు ఒక ఉపాయం తెచ్చాయి. జనరల్ ఎలక్ట్రిక్ దాన్ని సెన్సీ-టెంప్ అన్న పేరుతో, ఫ్రిజిడేర్ హీట్-మైండర్ అన్న పేరుతో అమ్మాయి. గ్యాసు పొయ్యిలకు ఇదే ఏర్పాటు బర్నర్ విత్ ఎ బ్రెయిన్ అన్న ప్రచారంతో వచ్చింది.

బర్నర్ నడుమ స్ప్రింగు మీద నిలిచిన చిన్న లోహపు బిళ్ల ఉంటుంది. గిన్నె పెట్టగానే బిళ్ల కొంచెం కిందికి దిగి, అడుగును అంటిపెట్టుకుని ఉంటుంది. ఆనాటి పొయ్యిల్లో బిళ్ల కింద ద్రవం నింపిన బుడ్డి, దాని నుంచి సన్నటి గొట్టం ఉండేవి. గిన్నె అడుగు వేడెక్కితే ద్రవం వ్యాకోచించి గొట్టం చివర ఉన్న పొరను నెడుతుంది, స్విచ్ తెగుతుంది. చల్లబడితే మళ్లీ కలుస్తుంది. వంట చేసేవారు డయల్ మీద కావలసిన డిగ్రీలు పెడితే చాలు.

ఇందులో గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. బిళ్ల కొలిచేది కూర వేడి కాదు, గిన్నె అడుగు వేడి. రెండూ దగ్గరగా ఉండేలా చూసుకోవడమే పాత్ర ఎంపిక. అందుకు కావలసిన లక్షణాలు ఇవి.

మొదటిది సాపు అడుగు. నడుమ పైకి లేచిన అడుగు బిళ్లకు తగలదు. అప్పుడు పొయ్యి గిన్నె ఇంకా చల్లగా ఉందనుకుని కాలుస్తూనే పోతుంది. నడుమ కిందికి ఉబ్బిన అడుగైతే బిళ్లకు తగులుతుంది కానీ కాయిల్‌కు ఆనదు, గిన్నె ఊగుతుంది.

రెండోది లోహం. ఉష్ణవాహకతను మీటరుకు, డిగ్రీకి వాట్లలో చెబితే రాగికి దాదాపు 400, అల్యూమినియంకు 237, పోత ఇనుముకు 50 ప్రాంతం, స్టెయిన్‌లెస్ స్టీలుకు 15 ప్రాంతం. వాహకత ఎక్కువైతే అడుగంతా ఒకే వేడిలో ఉంటుంది, నడుమ బిళ్ల చెప్పింది గిన్నె మొత్తానికి వర్తిస్తుంది. ఉత్త స్టీలు గిన్నెలో కాయిల్ తగిలిన చోట మాడుతుంది, పక్కన పచ్చిగా ఉంటుంది. రాగి లేదా అల్యూమినియం పొర అడుగున అతికిన స్టీలు గిన్నెలు ఈ లోటును పూడ్చాయి. మట్టి, గాజు పాత్రల్లో బయటి వైపు కాలినంత తొందరగా లోపలికి వేడి పోదు. బిళ్ల తొందరపడి కరెంటు ఆపేస్తుంది, కూర ఉడకదు.

మూడోది మందం. మరీ పలుచని గిన్నె వేడికి వంగిపోతుంది. మందపు పోత ఇనుప పెనం వేడెక్కడానికీ, చల్లారడానికీ ఆలస్యం చేస్తుంది కాబట్టి స్విచ్ తెగిన తర్వాత కూడా కాసేపు మాడుస్తుంది. మధ్యస్థమైన మందమున్న అల్యూమినియం గిన్నె ఇలాంటి బర్నర్‌కు అన్నిటికంటే బాగా నప్పింది.

నాలుగోది కొలత, బరువు. గిన్నె అడుగు బర్నర్ అంత ఉండాలి. పొడుగు పిడి బరువుకు ఖాళీ గిన్నె ఒక పక్కకు ఒరిగితే బిళ్ల వదులవుతుంది. నూనె గానీ కూర గానీ అడుగు నడిమి భాగాన్ని కప్పేలా ఉండాలి. పొంగిన పాలు, నూనె జిడ్డు బిళ్ల మీద గట్టిపడితే దానికీ గిన్నెకూ మధ్య తెర కట్టినట్టే.

నీళ్ల వంటకు ఈ బర్నర్ వల్ల ఒరిగేది తక్కువ, ఎందుకంటే నీరే 100 డిగ్రీల దగ్గర అదుపు చేస్తుంది. అసలు ఉపయోగం వేపుళ్లకు. నూనెకు అలాంటి కట్టడి లేదు. గారెలకు 180 డిగ్రీల దగ్గర ఉండాల్సిన నూనె, చూసుకోకపోతే పొగలు కక్కి అంటుకునేదాకా పోతుంది.

మన ఇంటికి వచ్చిన రూపం

ఈ సూత్రం తెలుగు ఇళ్లలోకి వచ్చింది రైస్ కుక్కర్ రూపంలో. జపాన్‌లో మినామి యోషితాద, ఆయన భార్య ఫుమికో ఇంట్లోనే అన్నం వండి చూస్తూ చేసిన ప్రయోగాల ఫలితంగా తోషిబా కంపెనీ 1955లో ఆటోమేటిక్ రైస్ కుక్కర్ విడుదల చేసింది. లోపలి గిన్నె చుట్టూ ఉన్న నీరు ఆవిరైపోయాక వేడి పెరిగి, రెండు లోహాల పట్టీ వంగి స్విచ్ ఆగేది. తర్వాతి తరం కుక్కర్లలో అయస్కాంతం వచ్చింది. పళ్లెం నడుమ స్ప్రింగు మీద ఉండే బిళ్లలోని ప్రత్యేక పదార్థం 103 డిగ్రీల ప్రాంతంలో అయస్కాంత గుణం కోల్పోతుంది. అన్నంలో నీరున్నంత సేపు ఆ వేడి రాదు. నీరు ఇగరగానే వేడి పెరుగుతుంది, అయస్కాంతం వదిలేస్తుంది, స్విచ్ టక్కుమని పైకి లేస్తుంది. వెదురు బొంగును అదను చూసి దించే పనిని ఇక్కడ బిళ్ల చేస్తుంది.

కుక్కర్ అత్తెసరు వంటకే పుట్టింది. గంజి వార్చే అలవాటున్న ఇంట్లో చేతికొలదీ నీళ్లు పోస్తే పొంగి పళ్లెం మీద పడుతుంది, ఆ నీరంతా ఇగిరేదాకా స్విచ్ ఆగదు, అన్నం ముద్దవుతుంది. కుక్కర్ వచ్చిన ఇంట్లో పశువుల కుడితిలో కలిపే గంజి ఆగిపోయింది.

కుక్కర్ గిన్నె అడుగును పళ్లెం వంపుకు సరిపోయేలా చేస్తారు. ఒక కంపెనీ గిన్నె ఇంకో కంపెనీ పళ్లెం మీద కుదరకపోవడానికి కారణం అదే. గిన్నె కిందపడి సొట్టపోయినా, అడుగున ఒక్క బియ్యపు గింజ ఇరుక్కున్నా బిళ్లకు సరైన వేడి అందదు. అన్నం పలుకుగా మిగులుతుంది, లేదా మాడుతుంది. గిన్నె బయటి తడి తుడిచి, పళ్లెం మీద పెట్టి, అటూ ఇటూ కాస్త తిప్పి ఆనించాలని చెప్పేది ఇందుకే.

గ్యాసు, ఇండక్షన్, మళ్లీ కాయిల్

1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తెచ్చిన దీపం పథకం, 2016లో కేంద్రం తెచ్చిన ఉజ్జ్వల పథకం గ్యాసును పల్లెలకు చేర్చాయి. గ్యాసు మంట పక్కలకు ఎగబాకుతుంది కాబట్టి గుండ్రటి మూకుడుకు మళ్లీ చోటు దొరికింది. ఆ వెంటే ఇండక్షన్ పొయ్యి వచ్చి సాపు అడుగును మళ్లీ తప్పనిసరి చేసింది. అది గిన్నె లోహంలోనే వేడి పుట్టిస్తుంది. అడుగుకు అయస్కాంతం అంటుకుంటేనే పనిచేస్తుంది, కాబట్టి ఉత్త సిల్వర్, ఇత్తడి, రాగి గిన్నెలు పనికిరావు. దాని గాజు పలక కింద కూడా నడుమ వేడిని కనిపెట్టే చిన్న పరికరం ఉంటుంది. పాత బర్నర్ నియమాలే దానికీ వర్తిస్తాయి.

పాత అమెరికా ఉపాయం కూడా తిరిగొచ్చింది. వంట మంటల ప్రమాదాలు తగ్గించడానికి 2018 తర్వాత అక్కడ తయారవుతున్న కాయిల్ స్టవ్‌లలో నడుమ వేడిని పట్టే బిళ్లను తప్పనిసరి చేశారు. అలాంటి స్టవ్ ఉన్న అద్దె ఇంట్లో గుండ్రటి మూకుడు పెడితే కాయిల్ వేడి గిన్నెకు చేరదు. ఆ వేడికి బిళ్ల కాలి కరెంటు మాటిమాటికీ తెగుతుంది, నూనె కాగదు. స్టవ్ పాడైందనిపిస్తుంది. మూకుడు మార్చి సాపు అడుగు బాండీ పెడితే అదే స్టవ్ చక్కగా పనిచేస్తుంది.

పాల్వంచలో తొలి దశ యూనిట్లు 2020 నాటికి మూతపడ్డాయి, వాటి 8 కూలింగ్ టవర్లను 2024 ఆగస్టు 5న కూల్చేశారు. వాటికి బదులు కొత్త యూనిట్లు కరెంటు ఇస్తున్నాయి, ఆ కరెంటు మీద నడిచే పొయ్యిలు పెరుగుతున్నాయి. కొనేవారు పొయ్యి వాట్లు చూసినంత శ్రద్ధగా గిన్నె అడుగు కూడా చూడాలి. గిన్నెను బోర్లించి అడుగు మీద స్టీలు స్కేలు అంచు నిలబెట్టాలి. నడుమ వెంట్రుకవాసి వెలుతురు కనిపిస్తే దోషం లేదు, వేడికి అది సాపవుతుంది. స్కేలు ఊగితే మాత్రం ఆ గిన్నెను గ్యాసు పొయ్యికి వదిలేయాలి. అడుగు సరిగా ఆనకపోతే ఎంత తెలివైన కరెంటు పొయ్యి అయినా తప్పు లెక్కే వేస్తుంది.